మరుగున ఉంచకుము, సహోదరీ



మార్కు సువార్త అయిదవ అధ్యాయమును నీవు అనేక పర్యాయములు చదివియుందువు. సమాజమందిరపు అధికారియైన యాయీరు తన కుమార్తె ప్రాణాపాయములో నున్నదని ప్రభువు పాదములమీద పడి బ్రతిమాలెను. ప్రభువు అతని యింటికి వెళ్లుచుండగా త్రోవలో జనుల త్రొక్కిడి నడుమ ఒక స్త్రీ వెనుకనుండి వచ్చి ఆయన వస్త్రమును తాకెను. ఆమెకు పండ్రెండు సంవత్సరములనుండి రక్తస్రావము. యాయీరు కుమార్తె వయస్సును పండ్రెండు సంవత్సరములే. ఆ చిన్నది పుట్టిన యేటనే ఈమెకు రోగము పుట్టినదన్నమాట. ఆ యిద్దరిని ప్రభువు ఒకే దినమున బాగుచేసెను.

ఆ స్త్రీ విశ్వాసమును గూర్చి మనము ఎన్నో ప్రసంగములు వినియున్నాము. ఆమె వెనుకనుండి ఎందుకు వచ్చెనో మాత్రము అంతగా ఆలోచింపము. యాయీరు ఎదుటికి వచ్చి అందరు వినునట్లు తన అక్కర చెప్పుకొనెను. ఈమె నోరు తెరవలేదు. రోగము శరీరములో ఏ చోటనున్నదో చెప్పుటకు సిగ్గు. లేవీయకాండము పదునైదవ అధ్యాయము ప్రకారము ఆమె అపవిత్రురాలు. ఆమె కూర్చున్న పీటను ముట్టినవారికి సహితము మైల. పండ్రెండేండ్లు ఆమె రోగమును, సిగ్గును రెంటిని మోసెను. వాటిలో ఏది ఎక్కువ బరువో ఆమెకే తెలియును.

నేటి మన స్త్రీలలో అటువంటి ఒక రోగమున్నది. దానిని మరుగుపరచు సిగ్గును ఉన్నది. ఈ నెల ఆ రెంటిని గూర్చి వ్రాయుచున్నాను. “ఇది పత్రికలో వ్రాయదగిన సంగతియా?” అని పెద్దలెవరైన అందురేమో. మత్తయి, మార్కు, లూకా ముగ్గురును వ్రాయుటకు సిగ్గుపడని సంగతిని చదువుటకు మనము సిగ్గుపడనక్కరలేదు.

ఆ రోగము గర్భసంచి ముఖద్వారమునకు వచ్చు క్యాన్సర్. మన దేశపు స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ తరువాత ఎక్కువగా కనబడునది ఇదియే. 2022వ సంవత్సరపు అంచనాల ప్రకారము ఆ యొక్క యేడే మన దేశములో రమారమి 1,27,000 మంది స్త్రీలకు ఇది క్రొత్తగా వచ్చెను. రమారమి 80,000 మంది దీనివలన మరణించిరి. అనగా దినమునకు రెండు వందల మందికి పైగా. మన సంఘములలో ఆదివారపు కూడికకు వచ్చువారు రెండు వందల మంది యుందురా? అంతటి సంఘము ప్రతి దినము ఒకటి సమాధిలోనికి పోవుచున్నట్లు ఎంచుకొనుము.

దీనికి కారణము హ్యూమన్ పాపిలోమా వైరస్ అను సూక్ష్మక్రిమి. వైద్యులు క్లుప్తముగా హెచ్.పి.వి. అందురు. దీనిలో రెండు వందలకు పైగా రకములున్నవి. కొన్ని చర్మముమీద పులిపిరులు పుట్టించును. కొన్ని ఈ క్యాన్సర్‌కు దారితీయును. జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడైన హెరాల్డ్ త్సుర్ హౌజన్ 1983, 1984 సంవత్సరములలో ఈ క్యాన్సర్ గడ్డలలో 16వ రకమును, 18వ రకమును కనుగొనెను. అందునిమిత్తము 2008లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చెను. ఈ క్యాన్సర్లలో నూటికి రమారమి 70 ఈ రెండు రకములవలననే కలుగుచున్నవి.

ఈ క్రిమి స్త్రీ పురుషుల కలయికవలన ఒకరినుండి మరియొకరికి వచ్చును. కాపురము చేయు స్త్రీ పురుషులలో బహుమందికి బ్రదుకులో ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకును. వారికి తెలియనైన తెలియదు. జ్వరముండదు, నొప్పియుండదు. దేవుడు మన శరీరములలో ఉంచిన కాపుదలచేత ఇది సామాన్యముగా ఒకటి రెండు సంవత్సరములలో దానంతటదే పోవును. కొద్దిమందిలో మాత్రము పోక నిలిచి, ముఖద్వారపు పొరను మెల్లమెల్లగా చెడగొట్టును. ఆ చెడుగు క్యాన్సర్‌గా మారుటకు సాధారణముగా పదునైదు, ఇరువది యేండ్లు పట్టును. హెచ్.ఐ.వి. వంటి వ్యాధిచేత శరీరబలము తగ్గి, దానికి మందు తీసికొననివారిలో అయిదు, పది యేండ్లే చాలును.

సహోదరీ, ఈ మాట జాగ్రత్తగా గమనింపుము. పదునైదేండ్లు! ఇంత గడువు మనకిచ్చు క్యాన్సర్ మరియొకటి అరుదు. కలుపు మొలకగా నున్ననాడు వ్రేళ్లతో పీకివేయుదుము. ముదిరి గింజ రాలినతరువాత చేను చేనే పాడగును. ఈ రోగమును మొలకనాడు చూచి తీసివేయవచ్చును. అయితే ఆ మొలక నీ కంటికి కనబడదు, నీ శరీరమునకు తెలియదు. తెలియునప్పటికి అది ముదిరియుండును. నెలసరికి నెలసరికి నడుమ ఎర్రబట్ట కనబడుట, భర్తతో కలిసిన తరువాత రక్తము కనబడుట, ముట్లుడిగిన తరువాత మరల రక్తము వచ్చుట, దుర్వాసనగల తెల్లబట్ట, విడువని నడుమునొప్పి, ఇవి తరచుగా ఆలస్యముగా వచ్చు గురుతులు. వీటికి వేరు కారణములును ఉండవచ్చును. అయినను వీటిలో ఒక్కటి కనబడినను, వారము తిరుగకమునుపే వైద్యురాలియొద్దకు వెళ్లుము.

స్త్రీల సమాజపు పనిమీద నేను వెళ్లు గ్రామములలో ఒక దానియందు ఒక అక్క యుండెను. మిరపకోతలకు, కలుపులకు పోయి యిద్దరు బిడ్డలను పెంచెను. ముట్లుడిగి ఆరేండ్లయిన తరువాత ఆమెకు మరల ఎర్రబట్ట కనబడెను. ఎవరికిని చెప్పలేదు. కోడలికి తెలియకుండ తెల్లవారకమునుపే చెరువుకు పోయి గుడ్డలు ఉదుకుకొని వచ్చెడిది. కొన్ని నెలలకు వాసన పుట్టగా మందిరములో ముందు కూర్చుండు ఆమె వెనుక గోడ ప్రక్కకు మారెను. తరువాత బల్లారాధనకు రావడము మానివేసెను. సంఘమువారు ఆమె విశ్వాసములో చల్లారెనని అనుకొనిరి. పొలములో పడిపోయిననాడు గాని సంగతి బయటపడలేదు. అప్పటికి రోగము మూత్రసంచి వరకు ప్రాకియున్నది. వైద్యులు నొప్పికి మందులిచ్చి పంపిరి. ఆమె చివరి దినములలో నేను ప్రక్కన కూర్చుంటిని. “అమ్మగారూ, ఈ సంగతి సంఘంలో చెప్పకండి” అని మొదట నన్ను వేడుకొనెను. మూడు దినములైన తరువాత తానే నా చేయి పట్టుకొని, “నేను పోయాక ఆడవాళ్లకు చెప్పండమ్మా. నాలాగా దాచుకోవద్దని చెప్పండి” అనెను. ఆమె అనుమతితోనే ఇది వ్రాయుచున్నాను.

ఇంకొక చెల్లెలి సంగతి వినుము. ఆమెకు ముప్పది నాలుగేండ్లు. భర్త పట్నములో తాపీపని చేయును. రెండు నెలలకొకసారి ఇంటికి వచ్చును. ఒక శిబిరములో ఆమెకు హెచ్.పి.వి. పరీక్ష చేయగా వైరస్ ఉన్నట్లు తేలెను. “అది మగవాళ్ల వల్ల వచ్చే జబ్బట” అను మాట అత్తగారి చెవినిబడెను. ఆ రాత్రి ఇల్లు రణరంగమాయెను. చంటిబిడ్డ నెత్తుకొని ఆమె మాయొద్దకు పరుగెత్తి వచ్చి, “అమ్మగారూ, బైబిలు మీద చెయ్యేసి చెబుతాను. నా పెనిమిటి తప్ప నాకు వేరొకరు తెలియదు” అని ఏడ్చెను. ప్రమాణమక్కరలేదమ్మా అని చెప్పి, మరునాడు ఆమెను, అత్తగారిని కలిపి వైద్యురాలియొద్దకు తీసికొని వెళ్లితిమి.

ఆ వైద్యురాలు అత్తగారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఓపికతో వివరించెను. ఈ క్రిమి ఎప్పుడు వచ్చెనో ఈ పరీక్ష చెప్పలేదు. ఎవరినుండి వచ్చెనో చెప్పలేదు. ఏండ్ల తరబడి శరీరములో అణగియుండి తరువాత కనబడవచ్చును. ఒక్క భర్తయే యున్న స్త్రీకిని రావచ్చును. ఆ భర్తయందును ఏ గురుతును కనబడకపోవచ్చును. ఇప్పుడు అడుగవలసిన ప్రశ్న ముఖద్వారము ఎట్లున్నదనియే గాని, తప్పు ఎవరిదని కాదు. చూడగా చిన్న మచ్చ కనబడెను. ఆ దినమే వేడి పరికరముతో కొన్ని నిమిషములలో దానిని మాడ్చివేసిరి. కోతలేదు, కుట్టులేదు, ఆమె తన కాళ్లమీద ఇంటికి నడిచివచ్చెను. ఏడాది తరువాత చేసిన పరీక్షలో ఏమియు లేదని తేలెను. ఆ మీదట వచ్చిన శిబిరమునకు ఆ అత్తగారు మా అందరికంటె ముందు నడిచెను.

యోహాను తొమ్మిదవ అధ్యాయములో పుట్టు గ్రుడ్డివానిని చూచి, పాపము ఇతనిదా, కన్నవారిదా అని శిష్యులు అడుగగా ప్రభువు ఆ ప్రశ్ననే త్రోసివేసి వాని కన్నులు తెరచెను. వివాహము ఘనమైనది, భార్యాభర్తలు ఒకరికొకరు నమ్మకముగా నుండుట దేవుని ఆజ్ఞ. ఆ నమ్మకము శరీరమునకును మేలే. కాని వైద్యపరీక్ష న్యాయపీఠము కాదు. వైరస్ ఉన్నదన్న కాగితమును చూపి ఒక స్త్రీ శీలమునకు తీర్పు తీర్చువాడు ఆమెకు అన్యాయము చేయుటయే గాక, ఆమెను చూచిన పదిమంది స్త్రీలను పరీక్షకు రాకుండ తరిమివేయుచున్నాడు.

స్త్రీల సిగ్గు ఎంతటి ప్రాణహాని చేయునో మిషను చరిత్ర మనకు నేర్పియున్నది. 1890లో తమిళ దేశమందలి తిండివనములో ఐడా స్కడ్డర్ అను యువతి తన తండ్రియింట ఉండగా ఒక్క రాత్రియే మూడు ఇండ్లనుండి ముగ్గురు పురుషులు వచ్చి ప్రసవవేదనలోనున్న తమ భార్యలకు సహాయము చేయుమని అడిగిరి. ఆమె తండ్రి వైద్యుడు. కాని మగవైద్యుని లోనికి రానియ్యమనిరి. ఆమెకు వైద్యము రాదు. తెల్లవారునప్పటికి ముగ్గురు స్త్రీలును మరణించిరి. అందుచేతనే ఆమె వైద్యవిద్య నేర్చి 1900లో తిరిగివచ్చి వేలూరులో పని ప్రారంభించెను. 1918లో స్త్రీలకొరకు వైద్య పాఠశాల తెరచెను. మన తెలుగు సీమలో లూథరన్ మిషనువారి డాక్టరు అన్నా కూగ్లర్ 1883లో గుంటూరునకు వచ్చి, 1898లో స్త్రీలకొరకు ఆసుపత్రి తెరచెను. స్త్రీని స్త్రీయే పరీక్షించు భాగ్యమును మన అవ్వలకు ఇచ్చినవారు వీరే. నేడు పరీక్ష చేయువారు చాలచోట్ల నర్సమ్మలు, వైద్యురాండ్రే. అడిగినయెడల తలుపు మూసి, తెర కట్టి పరీక్షింతురు. ఇంకను సిగ్గేల?

పరీక్షలు మూడు విధములు. ముఖద్వారమునుండి కొద్దిగా పొరను తీసి సూక్ష్మదర్శినితో చూచునది పాప్ పరీక్ష. దానిని కనిపెట్టిన పాపనికొలావ్ అను వైద్యుని పేరే దానికి పెట్టిరి. రెండవది మిక్కిలి సులభమైనది. వెనిగర్‌లోనుండు పులుపు ద్రవమును దూదితో ముఖద్వారమునకు అద్ది, ఒక నిమిషమాగి చూతురు. చెడిన చోటు తెల్లగా కనబడును. మూడవది వైరస్‌ను కనుగొను పరీక్ష. దీనికి కొన్నిచోట్ల స్త్రీ తానే చాటున దూదిపుల్లతో నమూనా తీసి ఇయ్యవచ్చును. ఏదియైనను కొద్ది నిమిషముల పని. కొంచెము ఇబ్బందిగా నుండును గాని కోత యుండదు. నెలసరి దినములలో మాత్రము వెళ్లవద్దు.

ఇది పేద గ్రామములలో పనిచేయునా అని అడుగుదువేమో. తమిళనాడులోని దిండిగల్ జిల్లా పల్లెలలో 2000లో మొదలుపెట్టి, శిక్షణపొందిన నర్సులచేత ఈ వెనిగర్ పరీక్షను చేయించిరి. అంబిలిక్కైలోని క్రిస్టియన్ ఫెలోషిప్ ఆరోగ్య కేంద్రమువారు ఆ సేవలో పాలివారు. 2007లో ప్రకటించిన ఫలితమేమనగా, ఒక్కసారి పరీక్షకు పిలిచిన గ్రామములలో ఈ క్యాన్సర్ మరణములు తక్కిన గ్రామములకంటె మూడవ వంతుకు పైగా తగ్గెను. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో ఒక్కసారి హెచ్.పి.వి. పరీక్ష చేసిన పల్లెలలో మరణములు రమారమి సగమునకు తగ్గినట్లు 2009లో ప్రకటించిరి. అవి మన పల్లెల వంటివే. ఆ స్త్రీలు మనవంటి కూలి తల్లులే.

మన ప్రభుత్వము 2016లో ఇచ్చిన నిబంధనల ప్రకారము 30 మొదలు 65 ఏండ్లవరకు గల ప్రతి స్త్రీకి అయిదేండ్లకొకసారి వెనిగర్ పరీక్ష జరుగవలెను. హెచ్.ఐ.వి. గల స్త్రీలు 25వ యేటినుండియే, మరింత తరచుగా చేయించుకొనవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అయినను 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో ఎప్పుడైన ఈ పరీక్ష చేయించుకొన్నవారు నూటికి ఇద్దరైనను లేరు. ఆశా కార్యకర్తను, నర్సమ్మను అడుగుము. మీ ఆరోగ్య కేంద్రములో ఏ దినమున చేయుదురో తెలిసికొనుము.

ఒక హెచ్చరిక. మార్కు సువార్తలోని ఆ స్త్రీ అనేక వైద్యులచేత బాధపడి ఉన్నదంతయు ఖర్చుచేసికొనెనని వ్రాయబడియున్నది. మన పల్లెలలోను ఇది జరుగుచున్నది. “తెల్లబట్ట అవుతోందా? గర్భసంచి తీయించుకో, లేకపోతే క్యాన్సర్ వస్తుంది” అని భయపెట్టగా దూడను, దుద్దులను అమ్మి సంచి తీయించుకొన్న స్త్రీలను నేనెరుగుదును. 2015-16 నాటి సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతట నూటికి రమారమి ముగ్గురు. తెలంగాణలో ఎనమండుగురు, ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మండుగురు. తెల్లబట్టకు తరచుగా సామాన్యమైన మందులే చాలును. ఎవరైన సంచి తీయవలెనన్నయెడల, “ముందు పరీక్ష చేశారా? కాగితం చూపించండి” అని అడుగుము. మొలకనాడు కనబడిన మచ్చను తీయుటకు సామాన్యముగా సంచి తీయనక్కరలేదు.

“మాకు ప్రార్థన చాలును, పరీక్ష చేయించుకొనుట అవిశ్వాసము” అనువారున్నారు. హిజ్కియా రాజు ప్రార్థింపగా దేవుడు ఆయుస్సు పొడిగించెను. అయినను యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్దను అతని పుండుకు కట్టించెను. సువార్తికుడైన లూకా వైద్యుడు. ప్రార్థించి వెళ్లుము, వెళ్లి వచ్చి స్తోత్రము చెల్లింపుము.

ఇక ఆ చిన్నదాని సంగతి. నీ యింటనున్న బాలికకు ఈ క్రిమి సోకకమునుపే కాపుదల కలుగజేయు టీకా యున్నది. తొమ్మిది మొదలు పదునాలుగు ఏండ్ల వయస్సు దానికి శ్రేష్ఠము. ఇంగ్లండు దేశములో 12, 13 ఏండ్ల ప్రాయమున దీనిని పొందిన యువతులలో ఈ క్యాన్సర్ నూటికి 87 వంతులు తగ్గినట్లు 2021లో తెలిపిరి. మన దేశములో పూనాలో తయారైన సెర్వవాక్ అను టీకాకు 2022లో అనుమతి దొరకెను. ఖమ్మం జిల్లావారు 2009నాటి సంగతి మరువలేదని నాకు తెలియును. ఆ యేడు అక్కడి బాలికలకు ఈ టీకా వేసిరి. తరువాత కొందరు బాలికలు మరణించగా 2010లో దానిని ఆపివేసిరి. ఆ మరణములు టీకావలన కలిగినవి కావని విచారణ కమిటీ తేల్చెను. అయితే తల్లిదండ్రుల సంతకములుండవలసిన చోట హాస్టలు వార్డెన్ల సంతకములుండుట తప్పే. కావున, తల్లీ, అడిగి తెలిసికొని, నీ చేతితో సంతకము చేసి నీ బిడ్డకు వేయింపుము. యాయీరు తన కుమార్తెకొరకు తానే కదలివచ్చెను గదా. టీకా పొందిన బిడ్డయు పెద్దదైన తరువాత పరీక్ష మానకూడదు.

భర్తలారా, పరీక్షకు వెళ్లు దినమున మీ భార్యకు కూలి పోవునని లెక్కింపకుడి. వీలైనయెడల మీరే వెంట వెళ్లుడి. అయ్యగార్లారా, మీరు ఒక్క ఆదివారము ఈ సంగతిని మందిరములో పలికినయెడల వెనుక గోడ ప్రక్కన కూర్చున్న ఒక తల్లికి నోరు వచ్చును. స్త్రీల సమాజపు పెద్దలారా, ముప్పది దాటిన స్త్రీల పేర్లు వ్రాసికొని, పదిమందిని కలిపి ఒక ఆటోలో తీసికొని వెళ్లుడి. ఒంటరిగా పోవుటకు సిగ్గుపడునది పదిమందితో ధైర్యముగా పోవును.

ప్రభువు ఆ స్త్రీని రహస్యముగా బాగుచేసి పంపివేయవచ్చును. ఆయన అట్లు చేయక ఆగి, ఆమెను పిలిచి, ఆమె సంగతియంతయు చెప్పనిచ్చి, అందరియెదుట ఆమెను కుమారీ అని పిలిచెను. ఆమె సిగ్గుపడవలెనని కాదు. ఇకమీదట ఆమెను మైలయని ఎవరును అనకూడదని. అట్టి సంఘముగా మనలను చేయుమని ఆయననే వేడుకొందము.

దయగల ప్రభువా, దాచుకొని బాధపడుచున్న మా తల్లులకు, చెల్లెండ్రకు నోరిమ్ము, తోడిమ్ము. తీర్పు తీర్చు మా నాలుకలను ఆపుము. పరీక్షించు చేతులను, వైద్యము చేయు చేతులను దీవించుము. మా చిన్నబిడ్డలను కాపాడుము. ఆమేన్.